నిప్పు ముట్టని అతుకు

"ఆ లైటర్ జేబుల వెట్టుకో తమ్మీ. గీ షెడ్డు కింద అగ్గి ముట్టియ్యం. బీడీ తాగేటోడు గూడ రోడ్డు దాటి పోయి తాగొస్తడు. నీకు పైపు మెత్తగ గావాలె, అంతే గదా? దానికి అగ్గెందుకు, నీళ్లు సాలు."

కుర్మయ్య ఈ మాటలన్నీ ట్రాలీ బండి కింద వెల్లకిలా పడుకునే చెబుతున్నాడు. బయటికి కనబడుతున్నవి మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, రెండు రబ్బరు చెప్పులు మాత్రమే. అక్కణ్ణుంచి లైటర్ ఆయనకు కనబడే వీల్లేదు. టిక్కుమన్న చిన్న చప్పుడు వినబడి ఉంటుంది. బండి డ్రైవర్ పరమేశ్ లైటర్ జేబులో వేసుకుని, ఎందుకైనా మంచిదని రెండడుగులు వెనక్కి జరిగాడు.

పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న చలపతిరావు నవ్వుకున్నాడు. అగ్గి గురించిన ఈ మాట రెండేళ్లుగా వింటున్నాడు. ఎన్నిసార్లు విన్నా దాని వెనకాల ఏదో ఒక కొత్త సంగతి తగులుకుని వస్తుంది. అందుకే పనున్నా లేకపోయినా వారంలో మూడు రోజులు ఇక్కడికి వచ్చి కూర్చుంటాడు. నీటిపారుదల శాఖలో కాలువల నక్షాలు గీసి గీసి రిటైరైన మనిషి. నీళ్లు ఎటునుంచి ఎటు పోవాలో ముప్పై మూడేళ్లు కాగితం మీద గీతలు గీశాడు కానీ, పారేదాన్ని చేత్తో పట్టుకుని దారిలో పెట్టే మనిషిని దగ్గర్నుంచి చూసింది కుర్మయ్య దగ్గరే.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే రోడ్డు పక్కన ఉంటుంది ఆ రేకుల షెడ్డు. బోర్డు లేదు. అయినా ఆ దారిన తిరిగే బండ్లవాళ్లందరికీ 'పైపుల కుర్మయ్య' అంటే చాలు. ఇంజన్ విప్పడు. గేరుబాక్సు ముట్టడు. డీజిల్ పైపు, పెట్రోలు పైపు, రేడియేటర్ నీళ్ల పైపు, ఇంతే ఆయన పని. తక్కినవి అడిగితే, "ఇంజన్ జూసేటోళ్లు రోడ్డు పొంటి మస్తుమంది ఉన్నరు, పో" అంటాడు. షెడ్డును ఆనుకునే ఆయన భార్య బుచ్చమ్మ చాయ్ కొట్టు. పొయ్యి మీద పాల గిన్నె పక్కన ఎప్పుడూ ఇంకో గిన్నె మసులుతూ ఉంటుంది. అందులో చాయ్ కాయరు. ఆ నీళ్లు పైపులకు.

నిజానికి ఈ ఉదయం వంతు చలపతిరావుది. ఆయన పాత కారు పెట్రోలు పైపును అపార్టుమెంటు సెల్లార్‌లో ఎలుకలు కొరికేశాయి. నిన్న సాయంత్రమే మెకానిక్ కారును ఇక్కడికి లాక్కొచ్చి వదిలాడు. కుర్మయ్య చెడిన పైపు తీసేసి, కొత్త నల్ల నైలాన్ పైపు కొలిచి, కోసి, మేకుకు తగిలించి పెట్టాడు. పదింటికల్లా బిగిస్తానన్నాడు. మధ్యాహ్నం భోజనానికి వస్తానని నాగారంలో ఉన్న కూతురికి చలపతిరావు చెప్పి ఉంచాడు.

సరిగ్గా తొమ్మిదింబావుకి ఈ ట్రాలీ వచ్చింది. వచ్చింది అనకూడదు. ముగ్గురు దారినపోయేవాళ్లు తోస్తుంటే, పరమేశ్ కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్ పట్టుకుంటే, పరమేశ్ అక్క శంకరమ్మ బండి పక్కనే నడుస్తూ వెనకాల ఉన్న సంచులను చేత్తో తడుముతూ ఉంటే, షెడ్డు ముందుకు చేరింది.

ఆ సంచుల్లో చేప పిల్లలు ఉన్నాయి. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ సంచులు, సగం నీళ్లు, సగం గాలి, నీళ్లలో చిటికెన వేలంత పొడుగున్న రవ్వు పిల్లలు, బొచ్చె పిల్లలు. సిద్దిపేట వైపు ఒక చేప పిల్లల కేంద్రంలో తెల్లవారకముందే నింపించుకుని బయల్దేరారు. చేరవలసింది బౌరంపేట చెరువు. నీడన చల్లగా ఉంటే ఆ పిల్లలు ఇంకా చాలాసేపు బతుకుతాయి. ఎండలో ఆగిపోయిన బండి మీదైతే మధ్యాహ్నం దాటవు.

శంకరమ్మ కంగారు అందుకే. చెరువు మీద బతికే పన్నెండు ఇళ్లవాళ్లకు ఆమె మాట ఇచ్చి బయల్దేరింది. పోయినేడు ఎవరో తెచ్చిపోసిన పిల్లలు ఆలస్యంగా వచ్చాయి, సగం సంచుల్లోనే తేలిపోయాయి. వల వేసినప్పుడల్లా నాచే వచ్చింది. ఈసారి నేనే పోయి, నా కళ్లతో చూసి, ఏరి తెస్తానని అంది. ఆడమనిషివి నీకెందుకన్నవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు ఆ మాటంతా ఈ సంచుల్లో ఉంది.

కుర్మయ్య బండి కిందినుంచి బయటికి జరిగాడు. చేతిలో జానెడు పైపు ముక్క. అద్దంలా ఉండాల్సిన పైపు తెల్లగా, ఉబ్బి, వేలితో నొక్కితే పిండిలా లోపలికి పోతోంది.

"గిది ఏంది తమ్మీ?"

"పైపు" అన్నాడు పరమేశ్.

"పైపే. ఏం పైపు?"

శంకరమ్మ ముందుకొచ్చి చూసింది. ఒక్క చూపుకే పోల్చుకుంది. "గిది మన తొట్టి పైపు గదరా. బతికిన చేపలమ్మే తొట్టిలకు గాలి కొట్టేటిది."

"అసలు పైపును పందికొక్కు కొరికిందక్కా. గా పొద్దు ఇంట్ల గదే ఉండె. సన్నగ, సక్కగ సరిపోయింది. నెల దినాల సంది మంచిగనే నడిచింది."

"మంచిగ నడుస్తది" అన్నాడు కుర్మయ్య, తప్పు పట్టే గొంతుతో కాదు, లెక్క తేల్చే గొంతుతో. "నీ గాలి పైపుకు గాలి తెలుసు, నీళ్లు తెలుసు. డీజిల్ తెల్వది. డీజిల్ల నానంగ నానంగ ఉబ్బుతది, క్లిప్పు కాడ వదులైతది. కింద సుక్క కారదు, నీకు తెల్వది. ఇంజన్ గుంజినప్పుడల్ల డీజిల్‌తోని గాలి గూడ గుంజుతది. తొట్టిల చేపకు బుడగ గావాలె. ఇంజన్‌కు బుడగ తాకితే పానం పోతది."

"పానం పోయేటిది ఇంజన్‌ది గాదు కుర్మన్నా" అంది శంకరమ్మ. "ఎంతసేపైతది సెప్పు. కాకుంటె వేరే బండి మాట్లాడుకుంట."

"ఈ సంచులు దించి, వేరే బండ్ల ఎక్కియ్యనీకెనే గంట అయితది. దించినప్పుడు రెండు పలుగుతయి. నాకు ముప్పావుగంట ఇయ్యి." లేచి నిలబడి కొట్టు వైపు చూశాడు. "బుచ్చమ్మా, గోనె సంచులు తడిపి గా ట్రాలీ మీద గప్పు. నీళ్లు మసల్తున్నయా?"

"నీ నీళ్లు ఎప్పుడు మసలలే? చాయ్ పాలే పొంగుతలేవు, నీ గిన్నెనే పొయ్యంత ఆక్రమించె" అంటూనే బుచ్చమ్మ గోనె సంచులు తొట్టిలో ముంచింది. చలపతిరావు కూడా లేచి ఒక కొస పట్టుకున్నాడు. తడి గోనె కింద సంచుల మెరుపు ఆరిపోయింది. శంకరమ్మ ఒక సంచి పక్కనుంచి గోనె ఎత్తి లోపలికి చూసింది. పిల్లలు గుంపుగా ఒకే వైపు తిరిగి ఉన్నాయి. కదులుతున్నాయి.

ఆ తర్వాత కుర్మయ్య చేసిన పని చలపతిరావు ఎన్నోసార్లు చూసిందే. అయినా మెడ చాచి చూశాడు. ముందు బ్యాటరీ తీగ తీసేశాడు. ఉబ్బిన ముక్కకు రెండు వైపులా మిగిలిన నల్ల పైపును, చెడిన చోటు దాకా కాకుండా ఇంకో రెండు వేళ్లు లోపలికి వచ్చి, కొత్త బ్లేడుతో నిటారుగా కోశాడు. కోసిన అంచును వేలితో తడిమి, ఒక చోట నచ్చక మళ్లీ కోశాడు. డబ్బాలోంచి రెండు ఇత్తడి జాయింట్లు తీశాడు. వాటి కొసలకు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి మెట్లు ఉంటాయి. పైపు ఎక్కేటప్పుడు ఎక్కుతుంది, వెనక్కి రమ్మంటే రాదు. బుచ్చమ్మ ఇచ్చిన చెంబులో మసిలే నీళ్లు. పైపు కొస ముంచి, పెదాలు కదుపుతూ అరవై దాకా లెక్కపెట్టి, తీసి, ఒక్క తోపులో జాయింటు మీదికి ఎక్కించాడు. తన దగ్గర మిగిలిన మూరెడు కొత్త పైపును మధ్యలో కలిపాడు.

"ఇగ ఎవ్వలు ముట్టుకోవద్దు. సల్లారేదాక ఆగాలె. సల్లారితే పైపే జాయింట్‌ను పిసికి పట్టుకుంటది. తలా ఒక చాయ్ తాగుండ్రి."

"చూసిండ్రా సారూ" అంది బుచ్చమ్మ గ్లాసులు పెడుతూ. "ఈయన పైపు సల్లారితెనే నా చాయ్ అమ్ముడువోతది. గందుకే కొట్టు ఈడ వెట్టిచ్చిండు."

చలపతిరావు గ్లాసు అందుకుని, తను ఎప్పుడూ అడగని ప్రశ్న అడిగాడు. "అగ్గితో చేస్తే ఏమవుతుంది కుర్మయ్యా? మీరు చెయ్యరు సరే. ఎందుకు చెయ్యరో ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు."

కుర్మయ్య ఎడమ మణికట్టు చూపించాడు. అక్కడ చర్మం నునుపుగా, మెరుస్తూ, వెంట్రుక లేకుండా ఉంది.

"ఇరవై రెండేండ్లయింది. మేడ్చల్ల ఒక వర్క్‌షాపుల చేస్తుంటి. లారీ పైపు, గిసొంటిదే, లైటర్ వెట్టి అతికిచ్చిన. జల్దీ అయితది గదా అని. పైకి మంచిగనే కనవడ్డది. లోపల పలుసవడ్డది. మూడో దినం తూప్రాన్ దాటినంక పలిగింది. డీజిల్ వోయి సైలెన్సర్ మీద వడ్డది. క్యాబిన్ కాలింది. డ్రైవర్ దుంకిండు, బతికిండు."

"చెయ్యి అప్పుడు కాలిందా?"

"నేను ఆడ లేను గద సారూ. ఓనర్ వచ్చి నన్ను లారీ కాడికి తోల్కపోయిండు. తిట్టలే, కొట్టలే. సూపిచ్చిండు, మల్ల తోల్కొచ్చి దించిండు. ఆ రాత్రి తిండి తినలే. తెల్లారి, అసలు ఏం జరిగిందో సూద్దామని గసొంటి పైపు ముక్కకే లైటర్ వెట్టి, కోసి లోపల సూసిన. మల్ల వెట్టిన, మల్ల కోసిన. ఒకటి కరిగి చేతి మీద వడ్డది. గది గీ మచ్చ. ఇసుక కాపి సూసిన, నూనె కాపి సూసిన. ఆఖరుకు ఈమె చాయ్ నీళ్లల్ల ముంచి సూసిన."

"నా పాలు గూడ ఖరాబు జేసిండు" అంది బుచ్చమ్మ. "మస్తు దినాలు చాయ్ డీజిల్ వాసన కొట్టింది."

"గా దినం సంది ఇదే" అన్నాడు కుర్మయ్య. "మా నాయిన గండయ్య వలలు కుట్టేటోడు. శామీర్‌పేట చెరువు మీద ఆయన కుట్టిన వల జాడ తెల్వనోడు లేకుండె. నాకు చేపలు వట్టుడు రాలే, నీళ్లల్ల దిగితే సలి. కుట్టుడు మాత్రం వచ్చింది. వలకు ఒక కన్ను పోతే ఆయన గదొక్కటే కుట్టి లేవకపోతుండె. సుట్టుపక్కల గుంజి గుంజి సూసేటోడు."

పైపు చల్లారింది. చేత్తో గట్టిగా లాగి చూశాడు, రాలేదు. బ్యాటరీ తీగ పెట్టాడు. ఫిల్టర్ దగ్గరి చేతి పంపును నలభై సార్లు నొక్కాడు. పరమేశ్ తాళం తిప్పితే బండి ఒక్కసారికే అందుకుంది.

శంకరమ్మ ముఖం విప్పారింది. చీర కొంగు నడుముకు చెక్కి ముందు సీటు తలుపు తీసింది. "బతికిచ్చినవ్ కుర్మన్నా. ఇగ పోతం."

"పో. మేడ్చల్ దాక పోతవేమో. నాకు నమ్మకం వచ్చినంక పోతే చెరువు దాక పోతవ్."

"నడుస్తాంది గదనే."

"పొద్దుగాల గూడ నడిచింది. పది నిమిషాలు ఆగు."

శంకరమ్మ ఎండను చూసింది. గోనె సంచుల నుంచి కారే నీటి చుక్కలు అప్పుడే పలచబడుతున్నాయి. తలుపు మీద చెయ్యి అలాగే ఉంది. "నా పిల్లలు సస్తే ఆ పన్నెండిండ్ల ముందల నువ్వు నిలవడ్తవా?"

"నిలవడ్త" అన్నాడు కుర్మయ్య. తలుపు మీది చెయ్యి తియ్యకుండానే ఆమె ఆగింది.

ఇంజన్ ఆపించాడు. ఇందాక తీసి పారేసిన గాలి పైపులో మంచిగా ఉన్న కొస నుంచి నాలుగు వేళ్ల ముక్క కోశాడు. ఫిల్టర్ ముందు నల్ల పైపుకూ ఫిల్టర్‌కూ మధ్య దాన్ని గట్టిగా క్లిప్పులు వేసి బిగించాడు.

చలపతిరావు ఆశ్చర్యపోయాడు. "ఇప్పుడే కదా అది పనికిరాదన్నారు?"

"బండికి పనికి రాదు. నాకు పనికొస్తది. పది నిమిషాలకు ఉబ్బదు. గిది కిటికి సారూ. లోపల ఏం పోతాందో సూడనీకె."

మళ్లీ స్టార్ట్ చేశారు. కుర్మయ్య, చలపతిరావు, తలుపు వదలకుండానే శంకరమ్మ, ముగ్గురూ వంగి ఆ నాలుగు వేళ్ల కిటికీలోకి చూశారు. పసుపుపచ్చని డీజిల్ నిశ్చలంగా, అసలు పారుతోందా లేదా అన్నట్టుగా ఉంది. చలపతిరావు వాచీ చూసుకున్నాడు. ఆరు నిమిషాలు. శంకరమ్మ నిట్టూర్చింది. ఏడో నిమిషంలో ఒక బుడగ వచ్చింది. ఆవగింజంత. ఆగి, ఇంకోటి. తర్వాత మూడు, ఒకదాని వెంట ఒకటి, తొందర పడుతున్నట్టు. ఇంజన్ ఒకసారి దగ్గింది, ఆగిపోయింది.

శంకరమ్మ తలుపు మీదినుంచి చెయ్యి తీసేసింది.

కుర్మయ్య కంగారు పడలేదు. బుడగలు వచ్చిన తీరే తను అడగబోయే ప్రశ్నకు సగం జవాబు అయినట్టు, నెమ్మదిగా పరమేశ్ వైపు తిరిగాడు. "నేను వేసిన జాయింట్ కాడ గాలి గుంజితే మొదటి నిమిషంలనే వచ్చేది. గిది దూరం నుంచి వస్తాంది. ఇంకెక్కడ ఏసినవ్ తమ్మీ ఆ పైపు?"

"ఒక్క కాడనే."

"అక్క ముందల సెప్పుడు ఇష్టం లేకుంటె నా చెవిల సెప్పు. సెప్పు మాత్రం."

పరమేశ్ నేల చూశాడు. "టాంకీ మీద. ట్రాలీ డబ్బా కింద. బయటికి కనవడదు. టేపు సుట్టిన." తర్వాత, ఎవరూ అడగకుండానే, "గాడ గూడ పందికొక్కే. బండి సేపల గంపల కాడ వెట్టద్దని అక్క సెప్పింది. నేను గాడనే వెట్టిన. నీడ ఉంటదని. రెండు కాడ్ల కొరికిందంటె తిడ్తదని ఒకటే సెప్పిన" అన్నాడు.

శంకరమ్మ తమ్ముణ్ణి చూసింది. "ఇల్లు చేరినంక తిడ్త" అంది. "ఇప్పుడు టైమ్ లేదు. కింద పండుకో, ఆయనకు సూపెట్టు."

టేపు విప్పితే లోపల జానెడు కంటే ఎక్కువే తెల్లగా ఉబ్బి ఉంది. పక్కన నల్ల పైపు మీద పళ్ల గాట్లు ఇంకో జానెడు దాకా ఉన్నాయి. కుర్మయ్య వేళ్లతో తడుముతూ చివరిదాకా పోయాడు, ఇటు చివరా చూశాడు. అంతా కోసి పారెయ్యాలి. రెండు మూరలు కావాలి. డబ్బాలో చెయ్యి పెట్టి వెతికాడు. నాలుగైదు వేళ్ల ముక్కలు తప్ప ఏం లేవు.

ఆయన చూపు మేకుకు తగిలించిన నల్ల పైపు మీదికి పోయింది. చలపతిరావు చూపు అప్పటికే అక్కడ ఉంది.

"సారూ" అన్నాడు కుర్మయ్య.

"తీసుకోండి" అన్నాడు చలపతిరావు. "నా కారులో చేపలు లేవు."

"నాగారం పోవాలంటివి."

"అమ్మాయికి ఫోన్ చేస్తాను. సాయంత్రం వెళ్తాను. బుచ్చమ్మా, నీళ్లు తెచ్చెయ్యమ్మా."

రెండోసారి పని ఇంకా నిదానంగా జరిగింది. తొందర ఉన్నప్పుడు కుర్మయ్య చేతులు నెమ్మదిస్తాయని చలపతిరావు ఇంతకుముందే గమనించాడు. ఈసారి పరమేశే చెంబు పట్టుకున్నాడు, లెక్క కూడా అతనే పెట్టాడు. నలభై దగ్గర తడబడితే కుర్మయ్య మళ్లీ మొదటినుంచి పెట్టించాడు. పైపు చల్లారేలోగా శంకరమ్మ చాయ్ వద్దంది. గోనెల మీద నీళ్లు చల్లుతూ తిరిగింది. తర్వాత కిటికీలోకి పది నిమిషాలు కాదు, పన్నెండు నిమిషాలు చూశారు. డీజిల్ తేనెలా, ఒక్క బుడగ లేకుండా పారింది. కుర్మయ్య ఆ కిటికీ ముక్క తీసేసి, నల్ల పైపును నేరుగా ఫిల్టర్‌కు ఎక్కించి, పంపు కొట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇగ పో అక్కా. నీళ్లల్ల వేసినంక ఫోన్ జెయ్యి."

బండి మేడ్చల్ వైపు పోయింది. అప్పటికి పదీ యాభై.

చలపతిరావుకు అక్కడ పనేమీ లేదు. అయినా లేవలేదు. కుర్మయ్య కోసిన ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేసుకున్నాడు. ఇంకో బండి వస్తే దాని నీళ్ల పైపు క్లిప్పు బిగించాడు. మధ్యమధ్య ఫోన్ తీసి చూసుకున్నాడు. పన్నెండుకు పది నిమిషాలుండగా అది మోగింది. కుర్మయ్య స్పీకర్‌లో పెట్టాడు.

"చెరువు కాడున్న కుర్మన్నా" అంది శంకరమ్మ. వెనకాల మనుషుల గోల వినబడుతోంది. "ఇంకా ఇడువలే. సంచులు మూతి కట్టినవి కట్టినట్టే నీళ్ల మీద తేలేసినం. లోపలి నీళ్లు, చెరువు నీళ్లు ఒక్క తీర్గ సల్లగైనంక ఇప్పాలె. వీళ్లు జల్దీ జల్దీ అంటాండ్లు. నేను ఆగుండ్రి అంటున్న."

"సచ్చినయా ఏమన్న?"

"ఒక సంచిల పదో పన్నెండో. గంతే. మిగిలినయి దుంకుతున్నయి." పక్కనెవరినో ఆగమని కేకేసింది. "పరమేశ్‌ను ఇంకా తిట్టలే. గా సారుకు సెప్పు, ఆయన పైపు చెరువు దాక వచ్చిందని."

కుర్మయ్య ఫోన్ జేబులో వేసుకుని, పైపు కోసం మేకు వైపు చెయ్యి చాచి, అక్కడేమీ లేదని గుర్తొచ్చి ఆగాడు. పైపు లేని కారు షెడ్డు పక్కన బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. ఆయన నవ్వాడు. డబ్బాలోంచి మూడు వేళ్ల నల్ల ముక్క ఒకటి ఏరి చలపతిరావు చేతిలో పెట్టాడు.

"సారూ, నువ్వే పోవాలె ఇగ. నేను షెడ్డు ఇడిసి రాను. మేడ్చల్ల బస్సెక్కి పేట్ బషీరాబాద్ల దిగు. రోడ్డు మీదనే పెద్ద పైపుల దుకాణం ఉంటది. ఎనిమిది మిల్లీ, నల్ల నైలాన్, పది మీటర్లు. గీ ముక్క పక్కకు వెట్టి సూడు. ముందుగాల మెరిసేటిది సూపిస్తడు, తీస్కోకు. గోరుతోని గీకు, గాటు వడితే వద్దను. ఇంకోటి. జేబుల వడ్తలేదని మడత వెట్టకు, మడత వడ్డకాడనే రేపు పలుగుతది. పెద్ద సుట్ట సుట్టిచ్చుకో, మెడల ఏస్కో, బస్సుల ఎవరన్న నవ్వినా తియ్యకు. అట్లనే ఏస్కొని రా. నీళ్లు మసలవెట్టి ఉంచుత."